పసుపు మెడ పక్షి

శనివారం తెల్లవారకముందే కోరుట్ల దాటాలని జితేందర్ ముందు రోజే నిశ్చయించుకున్నాడు. ప్రణాళిక సాదాగానే ఉంది. కొత్త కారులో తల్లినీ భార్యనీ ఎక్కించుకోవాలి. పొద్దుగూకేలోగా నల్లమల అవతలి కొండల్లో ఉన్న ఒక అభయారణ్యం చేరాలి. ఆదివారం పొద్దున జీపులో అడవి తిరిగి, భోజనాలకు ముందు అక్కడి నుంచే ఫోన్ లైవ్‌లో ప్రకృతి గురించి ప్రసంగించాలి. ఆ అభయారణ్యం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడి రేంజరు గారు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు.

ప్రసంగం ఎందుకంటే, అదే ఆదివారం కోరుట్లలో పచ్చదనం మిత్రమండలి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటోంది. జితేందర్‌కు బస్టాండు వెనుక ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం ఉంది. 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అని మండలి వేయించిన బ్యానర్లన్నీ అక్కడే, ప్లాస్టిక్ మీదే తయారయ్యాయి. బడి బడికీ తిరిగి జీవహింస మానాలని పిల్లలకు చెప్పింది కూడా అతనే. ఆదివారం మాంసం మాత్రం దుకాణం నుంచి తెచ్చుకునేవాడు. అక్కడ కోసేది వేరేవాళ్లు కాబట్టి అతని సిద్ధాంతానికి అడ్డు రాలేదు.

పోటీకి నిలబడినవాడు గోవర్ధన్. ప్రైవేటు బడి యజమాని. బస్సులు తిరగడానికి అడ్డమని బడిలో ఉన్న ఒక్క వేపచెట్టునూ కొట్టించి, అదే చోట మొక్క నాటుతూ ఫోటో దిగిన మనిషి. ఆయన మండలి గ్రూపులో ఒక గొంతు సందేశం పెట్టాడు. "ఇంటి మీది కోతిని తప్ప ఇంకో అడివి జంతువును సూడనోడు గూడ అధ్యక్షుడైతడా తమ్మీ?" అన్నాడు. ఆ గొంతు వెనుక ఎవరో పకపక నవ్వారు. జితేందర్ అడవి ప్రయాణం ఆ నవ్వులోంచి పుట్టింది.

తల్లి మొగిలవ్వకు ఈ ఎన్నిక సంగతి పట్టలేదు. ఆమె మనసంతా కారు మీద ఉంది. భర్త కొమురెల్లి కథలాపూర్‌లో తాటిచెట్లు ఎక్కి కల్లు గీసి కొడుకును డిగ్రీ చదివించి పోయాడు. ఆ కొడుకు కారు కొన్నప్పుడు ఆనవాయితీ ప్రకారం మైసమ్మకు కోడిని కోసి, ఆ నెత్తురుతో చక్రానికి బొట్టు పెట్టాలి. జితేందర్ కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి ఊరుకున్నాడు.

"ఘాట్ రోడ్డు మీదికి పోతున్నవు కొడుకా. బండికి బొట్టు లేదు. అమ్మ ఊకుంటదా?" అని ఆమె వారం రోజులుగా అడుగుతూనే ఉంది.

"అవ్వా, నేను జీవహింస గురించి ఉపన్యాసాలు చెప్తున్న. నా ఇంట్లనే కోడిని కోస్తే నలుగురు ఏమంటరు?"

"కూరొండితే ఏమంటరు మరి?"

"అది వేరే."

మొగిలవ్వ శుక్రవారం మాత్రం కథలాపూర్ బస్సెక్కి పోయి, సాయంత్రానికి ఒక గంపతో తిరిగి వచ్చింది.

బయలుదేరేటప్పుడు జితేందర్ గంపను చూశాడు. "గండ్ల ఏమున్నయే?"

"అప్పాలు. తొవ్వల తినొద్దా?"

మొగిలవ్వ అబద్ధం చెప్పలేదు. పైన అప్పాలే ఉన్నాయి. అప్పాల కింద గుడ్డ, గుడ్డ కింద కొమురెల్లి గీతకత్తి, దాని పక్కన ఒక పుంజు. మెడ చుట్టూ దట్టంగా పసుపు పూసి, నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి, 'అమ్మా, ఇది నీదే' అని మొక్కి తెచ్చిన పుంజు. దారిలో కూస్తే గుట్టు బయటపడుతుందని, కల్లులో నానబెట్టిన నూకలు దానికి కడుపునిండా తినిపించింది. కల్లు ఇంటి కోడలికి మోతాదు ఎవరూ నేర్పనక్కర్లేదు. పుంజు మనిషిలాగా మెడ వాల్చి నిద్రపోయింది.

జడ్చర్ల దాటాక గంపలోంచి గుర్రుమని చప్పుడు వచ్చింది. వెనుక సీట్లో ఉన్న స్వరూప గుడ్డ ఎత్తి చూసి, అత్త మొహం చూసి, మళ్లీ గుడ్డ కప్పేసింది.

"గదేం చప్పుడు?" అన్నాడు జితేందర్ అద్దంలోంచి.

"అత్తమ్మ కునుకు తీస్తున్నది" అంది స్వరూప. పెళ్లయినప్పటి నుంచి ఏదో ఒక చోటికి తీసుకుపొమ్మని ఆమె అడుగుతోంది. ఇన్నాళ్లకు కారు కదిలింది. ఒక పుంజు కోసం దాన్ని వెనక్కి తిప్పించే ఉద్దేశం ఆమెకు లేదు.

అభయారణ్యం గేటు దగ్గర గార్డు కారును ఆపి తనిఖీ చేశాడు. నీళ్ల సీసాలు తీయించాడు, చిప్స్ పొట్లాలు తీయించాడు. డిక్కీలో చుట్ట చుట్టిన బ్యానర్‌ను కూడా లాగాడు.

"ఇది ప్లాస్టిక్. లోపలికి పోదు."

"అన్నా, చదివి సూడు. ప్లాస్టిక్ వద్దని చెప్పే బ్యానర్ అది!"

"చదివినా. చదివినా ప్లాస్టిక్కే కదా సార్."

వాదన ముదిరింది. బ్యానర్‌ను కారులోంచి తీయకుండా ఉంచుతానని జితేందర్ ప్రాధేయపడ్డాడు. చివరికి గార్డు మెత్తబడి గంప వైపు తిరిగాడు. మొగిలవ్వ గుడ్డ కొద్దిగా తొలగించి, "తీస్కో కొడుకా, నువ్వుల అప్పాలు" అని రెండు అప్పాలు అతని చేతిలో పెట్టింది. గార్డు నములుతూ గేటు ఎత్తాడు.

ఆదివారం పొద్దు పొడిచేసరికి మొగిలవ్వ లేచి, గంప చంకన పెట్టుకొని, అతిథి గృహం వెనక్కి నడిచింది. అక్కడ వెదురు గుబురు, దాని ముందు ఒక నల్లరాయి. రాయికి బొట్టు పెట్టి, అమ్మను తలుచుకొని, కత్తి తీసి గంప మూత ఎత్తింది. నిన్న సాయంత్రం పెట్టిన కల్లు నూకల మత్తు ఇంకా దిగని పుంజు ఒక్కసారి ఎగిరి బయట పడింది. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు పక్కకు వేసి, మెడ తిప్పి, రెక్కలు సగం విప్పి, తూలుకుంటూ వెదురులోకి పోయింది. ఆమె వెంటపడబోయేలోపు అవతల కెమెరాల చప్పుడు వినిపించింది. మొగిలవ్వ కత్తిని గంపలో దాచి, గంపను కొంగు చాటున దాచి, గదికి వచ్చి మంచం మీద కూర్చుంది.

ఆ కెమెరాలు హైదరాబాద్ నుంచి వచ్చిన పక్షి ప్రేమికులవి. వాళ్ల నాయకురాలు రాధిక చేతిలో మూరెడు పొడుగు లెన్సు ఉంది. మంచు ఇంకా కరగలేదు. ఆకుల సందులోంచి పుంజు కొంచెమే కనిపించింది.

"ఎవరూ కదలకండి!" అని గుసగుసలాడింది రాధిక. "మెడ చుట్టూ ఎల్లో రింగ్. నెత్తిన రెడ్ ప్యాచ్. అయ్యో దేవుడా, డాన్స్ చేస్తోంది! ఆడపక్షి కోసం చేసే డాన్స్ అది!"

మిగతావాళ్లు ఊపిరి బిగపట్టారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా.

పళ్లు తోముకుంటూ బయటికి వచ్చిన జితేందర్ గుంపును చూసి దగ్గరకు పోయాడు. రాధిక కెమెరా తెరను చూపించింది. మసక మసకగా ఏదో పసుపు, ఏదో ఎరుపు. "పుస్తకాల్లో ఎక్కడా లేదండీ ఇది" అందామె. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమెను దండం పెట్టబోయేంత గౌరవంగా చూస్తున్నారు. జితేందర్‌కు గోవర్ధన్ గొంతు, దాని వెనుక ఆ నవ్వు గుర్తొచ్చాయి.

"గీ పక్షినా?" అన్నాడు నురగ ఉమ్మేసి. "నేను మీకంటె ముందే చూసిన."

"నిజంగా? ఎప్పుడు?"

"నిన్ననే. అంత పెద్ద విశేషం అనుకోలె."

పక్షులు చూసేవాళ్ల లోకంలో మొదట చూసినవాడిదే పేరు. ఆ పద్ధతి జితేందర్‌కు తెలియదు. తెలిసేసరికి రాధిక అతని చేత ఆ మాటే వీడియోలో చెప్పించి, 'కోరుట్ల ప్రకృతి పరిశోధకుడు జితేందర్ కనుగొన్న పసుపు మెడ పక్షి' అని ఫోటోతో సహా పది చోట్ల పెట్టేసింది. అతను మొహం కడుక్కునేలోపు అది మండలి గ్రూపుకు చేరింది. ఒకటే అభినందనలు. పక్షికి జితేందర్ పేరే పెట్టాలని ఒకాయన డిమాండ్ చేశాడు. గోవర్ధన్ సందేశం చదివినట్టు నీలి గుర్తు పడింది కానీ జవాబు రాలేదు. ఆ మౌనం జితేందర్‌కు అభినందనల కంటే తీయగా అనిపించింది.

గదికి పరుగెత్తుకొచ్చి ఫోను చూపించాడు. "సూడుండ్రి! దునియల ఎవ్వలు సూడని పక్షి. అధ్యక్ష పదవి ఇగ మనదే!"

స్వరూప ఫోటో చూసింది, ఖాళీ గంప చూసింది. "మీ అవ్వనడుగు" అంది.

"ఏం అడగాలె?"

మొగిలవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొక్కిన కోడి కొడుకా. చేతుల్లకెంచి పోయింది. పసువు గూడ మంచిగ పూసిన."

జితేందర్ మంచం మీద కూలబడ్డాడు. ఒక్క మాట, 'పొరపాటైంది, అది మా కోడి' అంటే అప్పటికింకా నవ్వుకొని మరిచిపోయేవాళ్లు. అతను ఫోను చూశాడు. అభినందనలు ఇంకా వస్తున్నాయి.

"అవ్వా, సాయంత్రం దాక అది మన కోడి గాదు. సమజైందా?"

"మన కోడెట్లయితది? అమ్మకు ఒప్పజెప్పినంక మైసమ్మ కోడి."

"ఎవ్వలదైనా సరే, నువ్వు నోరు తెరవకు. ఎన్నిక అయిపోనీ."

"దాని తిండి?"

"పరిశోధకులు సూస్కుంటరు."

పరిశోధకులు నిజంగానే చూసుకున్నారు. రేంజరు గారు జీపులో దిగి, 'జత కట్టే కాలం, పక్షిని కలవరపెట్టకూడదు' అని ఆ పొద్దుటి సఫారీలన్నీ ఆపించారు. పిల్లాపాపలతో వచ్చిన యాత్రికులు టికెట్టు గది ముందు పోట్లాటకు దిగారు. ఏనుగు కనబడుతుందని ఆశపడ్డ స్వరూప కూడా వాళ్లలోనే నిలబడాల్సి వచ్చింది. "ఎవరండీ ఆ పక్షిని కనిపెట్టిన మహానుభావుడు?" అని ఒకావిడ పళ్లు నూరితే, స్వరూప "ఎవ్వడో పనిలేనోడు" అంది.

రాధిక బృందం వెదురు కింద రెట్టను పరీక్షించింది. "పులిసిన వాసన వస్తోంది. రాలిన ఇప్పపూలు తింటుందేమో కదా జితేందర్ గారూ?"

"ఇప్పపూలే" అన్నాడు జితేందర్. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. "రాలినయి గాదు. చెట్టెక్కి తింటది."

ఆమె భక్తిగా రాసుకుంది.

ఇంతలో సిబ్బంది వలతో పోయి పక్షిని పట్టుకొచ్చారు. వల వేయాల్సిన పని కూడా పడలేదట, అదే వాళ్ల కాళ్ల దగ్గరకు వచ్చిందట. రేంజరు గారు ఉప్పొంగిపోయారు. "మనిషిని చూసి బెదరలేదంటే అర్థమేంది? ఇంతవరకు మనిషిని చూడనే లేదు! పైఆఫీసుకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినా" అన్నారు.

సందర్శకుల కేంద్రం ముందు కుర్చీలు వేశారు. సఫారీ పోగొట్టుకున్న యాత్రికులను కూడా, అదైనా చూడండని అక్కడే కూర్చోబెట్టారు. బల్ల మీద గుడ్డ కప్పిన పంజరం, పక్కన రేంజరు గారు, శాలువా కప్పుకున్న జితేందర్. ఎదురుగా నిలబెట్టిన ఫోనులో లైవ్. అటువైపు కోరుట్ల ఫంక్షన్ హాలులో మండలి సభ్యులంతా పెద్ద తెర మీద చూస్తున్నారు. ముందు వరుసలో గోవర్ధన్ చేతులు కట్టుకొని ఉన్నాడు. ఇవతల ముందు వరుసలో మొగిలవ్వ ఉంది. స్వరూప ఆమె మోచెయ్యి పట్టుకొని కూర్చుంది.

"మిత్రులారా!" జితేందర్ గొంతు సవరించుకున్నాడు. "మనిషి చెయ్యి సోకని స్వచ్ఛమైన జీవి ఇది. కత్తి అంటే ఏమిటో ఎరుగని జీవి. మూఢాచారాల పేరుతో మూగజీవాలను బలి ఇచ్చే మనుషులు దీన్ని చూసి సిగ్గుపడాలి!"

కోరుట్లలో చప్పట్లు మోగాయి. రేంజరు గారు గుడ్డ లాగారు. మత్తు పూర్తిగా దిగి, కడుపు కాలుతున్న పుంజు సభను ఒకసారి చూసి, మెడ నిక్కించి, గొంతెత్తి కూసింది.

"కొక్కొరొకో!"

చప్పట్లు ఆగిపోయాయి. రేంజరు గారు జితేందర్ వైపు చూశారు. రాధిక పెన్ను గాలిలో నిలిచింది.

"చూసిన్రా!" అన్నాడు జితేందర్, చెమట తుడుచుకుంటూ. "మన ఊరి కోళ్లన్నీ ఈ పక్షి దగ్గర్నే కూత నేర్చుకున్నయి."

ఎవరో ఒకరిద్దరు తల ఊపారు కూడా. బహుశా ఆ మాట నిలబడేది. కానీ పుంజు ముందు వరుసలో మొగిలవ్వను గుర్తుపట్టింది. పంజరం ఊచలకు రొమ్ము కొట్టుకుంటూ కేకలు మొదలుపెట్టింది. మొగిలవ్వ కాసేపు తల దించుకుంది, కాసేపు పెదవి కొరుక్కుంది, చివరికి స్వరూప చెయ్యి విదిలించుకొని లేచింది.

"పొద్దటి సంది దానికి గింజ లేదు. మీరంత కుర్సీలేసుకొని ముచ్చట్లు జెప్పబట్టిరి!"

కొంగుముడి విప్పి గుప్పెడు నూకలు నేల మీద చల్లి, అక్కడే కూర్చొని నాలుకతో టకటకమని పిలిచింది. పంజరం తలుపుకు గట్టి గడియ లేదు. మనిషిని ఎరగని పక్షికి గడియ ఎందుకనుకున్నారు. పుంజు ఒక్క తోపుతో బయటపడి, మైకు వైరు దాటి, రేంజరు గారి బూటు తొక్కి, వచ్చి నూకలు ఏరుకొని, ఆమె ఒళ్లో ఎక్కి కూర్చుంది.

"అమ్మా…" రాధిక ముందుకు వచ్చింది. "అది మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"నా కోడి నా దగ్గరికి రాక నీ దగ్గరికొస్తదా బిడ్డా?"

మొగిలవ్వ కొంగుతో దాని మెడ తుడిచింది. పసుపంతా కొంగుకు వచ్చింది. మామూలు ఎర్ర పుంజు మిగిలింది.

"మరి ఆ డాన్స్?" అని ఏడుపు గొంతుతో అడిగింది రాధిక.

"డాన్సేంది? తాగింది. బండ్ల లొల్లి జేస్తదని కల్లు నూకలు వెట్టిన. మా కొడుకు కొత్త కారు కొన్నడు. గీ కొండ మీద మైసమ్మకు కోసి, చక్రానికి బొట్టు వెడుదమని తెచ్చిన. కత్తి గూడ తెచ్చిన. ఏం జేస్త, ఉరికింది."

ఫోను లైవ్‌లోనే ఉంది. అవతల హాలులో వినిపించిన మొదటి నవ్వు గోవర్ధన్‌ది.

సఫారీ పోగొట్టుకున్నవాళ్లు కుర్చీలు తోసుకొని లేచారు. రేంజరు గారి మొహం కుంకుమ రంగుకు తిరిగింది. "ఊరి కోడిని లోపలికి తెస్తారా? కోయడానికి తెస్తారా? ఏందనుకున్నారు దీన్ని, సంత అనుకున్నారా? కేసు పెడతా!"

"సార్, సార్, మా అవ్వకు సదువు లేదు సార్" అన్నాడు జితేందర్. శాలువా అప్పటికే జారిపోయింది. "నాకేం తెల్వదు. నేను ఆ కోడిని ఇప్పుడే సూస్తున్న!"

"మీరేగా అందరికంటే ముందు చూశానన్నారు?" అంది రాధిక. ఇప్పుడామె గొంతులో భక్తి లేదు. "వీడియో ఉంది. నిన్ననే చూశానని మీరే చెప్పారు."

"నిన్న చూసినారంటే, నిన్న గేటు దాటించింది మీరే" అన్నారు రేంజరు గారు.

జితేందర్ చెప్పిన అబద్ధాన్ని ఒప్పుకుంటే పరువు పోతుంది. ఒప్పుకోకపోతే జైలు. స్వరూప పక్కకు వచ్చి మెల్లగా అంది. "పరువు అప్పుడే కోరుట్లల పోయింది. ఇగ జైలొక్కటన్న తప్పించుకో."

"అబద్ధం జెప్పిన సార్" అన్నాడు జితేందర్. అది కూడా లైవ్‌లోనే వెళ్లింది.

కేసు రాయడానికి కూర్చున్నాక రేంజరు గారికి ఒక సంగతి తట్టింది. కోడి అని రాస్తే, కోడి కోసం సఫారీలు ఆపించింది ఎవరు అనే ప్రశ్న వస్తుంది. కొత్త పక్షి దొరికిందని పైఆఫీసుకు ఫోన్ చేసింది ఎవరు అనే ప్రశ్న కూడా వస్తుంది. ఆయన తర్వాత డిక్కీలోని బ్యానర్ తెప్పించి, నిషేధిత ప్లాస్టిక్ తెచ్చినందుకు జరిమానా రాశారు. పక్షి ఎక్కడని పైవాళ్లు అడిగితే వలస వెళ్లిందని చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. అది వెనుక సీట్లో కూర్చొని కోరుట్లకు వలస వెళ్లింది. పక్షి ప్రేమికులు కూడా పెట్టిన ఫోటోలన్నీ తీసేసి, ఈ విషయం ఎక్కడా ప్రస్తావించకూడదని ప్రమాణం చేసుకున్నారు.

ఘాట్ దిగేటప్పుడు జితేందర్ కొండ మలుపులో కారు ఆపి, అంచు దగ్గర నిలబడి నీళ్లు తాగాడు.

"ఇగ దాన్ని గీడనే కోసెయ్" అన్నాడు. "పరువెట్లనో పోయింది. నీ మొక్కన్న తీరని."

"కొయ్య" అంది మొగిలవ్వ, పుంజును ఒళ్లోకి ఇంకాస్త దగ్గరగా లాక్కొని. "అంత పెద్ద అడివిల ఇడిస్తే, తిరిగి నా ఒళ్లెకే వచ్చింది. అమ్మ వద్దన్నట్టే కదా. దీన్నే గాదు, ఇగ ఏ కోడిని గూడ నా చేతులతోటి కొయ్య."

"గీ మాట నిన్న అంటే అయిపోతుండె కదనే!"

"నిన్న అమ్మ జెప్పలె."

అవతలి మలుపులో స్వరూప ఒక్కసారి అద్దం దించింది. దూరంగా వెదురు కదిలి, ఏదో నల్లని పెద్ద వీపు ఒకటి చెట్ల మధ్య ఇటు నుంచి అటు దాటింది. "ఏనుగు!" అంది. జితేందర్ తల తిప్పేసరికి అక్కడ ఏమీ లేదు. ఆమె రెండోసారి చెప్పలేదు. ఫోటో కూడా తీయలేదు.

వాళ్లు జగిత్యాల చేరకముందే గోవర్ధన్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. పై ఆదివారం కోరుట్ల బయట మామిడి తోటలో కొత్త అధ్యక్షుడు సభ్యులందరికీ దావతు ఇచ్చాడు. నాటుకోడి పులుసు, ప్లాస్టిక్ పళ్లేలు. చెట్ల మధ్య కట్టిన 'జీవహింస మానండి' బ్యానర్ జితేందర్ దుకాణం నుంచే వెళ్లింది. అధ్యక్షుడు స్వయంగా ఫోన్ చేసి పిలిచాడు. "నువ్వు రావాలె తమ్మీ. కోడిని మాత్రం నువ్వు తేకు, మేం తెచ్చినం." జితేందర్ పోయాడు. రెండుసార్లు పులుసు వేయించుకున్నాడు. తొడ ముక్క బాగుందని గోవర్ధన్‌కే చెప్పాడు.

ఎర్ర పుంజు ఇప్పుడు రోజూ తెల్లవారుజామున కారు బానెట్ ఎక్కి వీధంతా వినపడేట్టు కూస్తుంది. మండలి ఇన్నేళ్ల ప్రచారానికి కోరుట్లలో జీవహింస మానిన మనిషి మొగిలవ్వ ఒక్కతే. ఆమెకు మండలిలో సభ్యత్వం లేదు.